ఎస్తేరు విప్పిన గేరుబాక్సు

ఎస్తేరుకు కుదురు లేదు. నాచారంలో ఆమెను ఎరిగిన వాళ్ళెవరిని అడిగినా ముందు చెప్పేది ఇదే. తల్లి దానమ్మయితే ఇంకాస్త ముందుకు పోయి, "దీని ఎడమ కాలొక్కటే కూసుంటది, తక్కిన మనిషి ఎన్నడు కూసోదు" అంటుంది.

ఆ ఎడమ కాలు పసితనంలోనే పోలియోకు పోయింది. తొడ మీద చెయ్యి ఆనించి, నొక్కి, కాలిని ముందుకు తోసుకుంటూ నడుస్తుంది. అంత కష్టపడి నడిచే మనిషి ఓ చోట కూర్చుంటుందా అంటే, అబ్బే! పొయ్యి మీద పాలు పెట్టి గేటు దాకా పోతుంది. గేటు దగ్గర నిలబడి ఫోను తీస్తుంది. ఫోనులో సగం మాట్లాడి బట్టలు ఆరేసిన తీగ దగ్గరికి పోతుంది. ఈలోపు పాలు పొంగి పొయ్యి ఆరిపోతుంది. పెళ్ళయిన కొత్తలో భర్త రవి కుమార్ ఇదంతా చూసి బెదిరాడు గానీ, తర్వాత పాల దగ్గర తనే నిలబడటం నేర్చుకున్నాడు. ఆయన ఒక స్కూల్లో పీటీ మాస్టరు. పిల్లలను పరిగెత్తించే మనిషి ఇంట్లో నిమ్మళంగా ఉంటాడు, నడవడానికి అవస్థపడే మనిషి ఇంట్లో నిలవదు. ఏం చేస్తాం, ఆ కాపురం అట్లా కుదిరింది.

మల్లాపూర్‌లో పంపుల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఎస్తేరు ఇన్‌స్పెక్షన్‌లో పనిచేస్తుంది. లేతు యంత్రం మీద నుంచి వచ్చిన ముక్కను కొలిచి, బాగుంటే ఒక ట్రేలో, లేకపోతే ఇంకో ట్రేలో వేయడం ఆమె పని. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకోదు. లేతు మీది కుర్రాళ్ళు చాటున ఏమేమో అనుకుంటారు, ఎదురుగా మాత్రం "మేడం, జర ఇంకోపాలి చూడుండ్రి" అని బతిమాలతారు. అక్కడ ఎవరూ ఆమెను చూసి అయ్యో అనరు. ఆ ఉద్యోగమంటే ఆమెకు అందుకే ప్రాణం.

అయ్యో అనేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మంట. చిన్నప్పుడు తండ్రి జ్ఞానయ్య భుజం మీద ఎక్కించుకుని బడికి తీసుకుపోయేవాడు, అది వేరే సంగతి. తర్వాత తర్వాత ఎవరు పడితే వాళ్ళు ఎత్తడం మొదలుపెట్టారు. బస్సు మెట్టు దగ్గర కండక్టరు, చర్చి మెట్ల దగ్గర పాటలు పాడే ఆడవాళ్ళు, ఆఖరికి పెళ్ళి స్టేజీ దగ్గర ముక్కూమొహం తెలియని మనిషి. అడగరు, పెట్టరు. వెనక నుంచి వచ్చి చంకల కింద చేతులు దూర్చి పైకి లేపేస్తారు. చెడ్డవాళ్ళయితే నాలుగు తిట్టి పారేసేది. వాళ్ళందరూ మంచివాళ్ళే, మంచివాళ్ళను ఏమని తిడుతుంది?

అందుకే కారు కొంది. పాతదే, చిన్నదే, కానీ ఆటోమేటిక్. క్లచ్ తొక్కే పని లేదు, కాబట్టి ఎడమ కాలితో పని లేదు. కుడికాలు, రెండు చేతులు ఉంటే చాలు. ఆ కారు వచ్చిన దగ్గర్నుంచి ఎస్తేరు చంకల కింద ఎవరి చెయ్యీ పడలేదు. ఇక ఆమె తిరుగుడు చూడాలి! కొత్తిమీర కట్టకు కూడా ఉప్పల్ మార్కెట్టుకే పోయేది. చర్చిలో ఆఖరి ఆమెన్ పూర్తి కాకముందే కారు గేటు దాటేది.

ఆ కారు ఓ సాయంత్రం ఉప్పల్ రింగు దగ్గర, సరిగ్గా మెట్రో కింద, ఆగిపోయింది. ఇంజను ఆగలేదు, అది గొంతు చించుకుని అరుస్తూనే ఉంది. బండి మాత్రం అంగుళం కదల్లేదు. గేరుబాక్సులో నుంచి మాడిన వాసన. వెనక వరంగల్ బస్సు హారన్ మీద హారన్. ఎస్తేరు స్టీరింగు మీద గుద్దింది, తిట్టింది, మళ్ళీ గుద్దింది. చివరికి ట్రాఫిక్ పోలీసు నలుగురిని పిలిచి కారును పక్కకు తోయించాడు, ఆమెను "దిగమ్మా, దిగమ్మా" అంటూ రెక్క పట్టుకుని దించాడు.

పెద్ద గ్యారేజీ వాళ్ళు ఈ బండికి కొత్త గేరుబాక్సు దొరకదు, తుక్కుకు ఇచ్చెయ్యమన్నారు. మల్లాపూర్‌లో కార్ల రిపేరు షెడ్డు పెట్టుకున్న జీవన్ కుమార్, చర్చిలో గిటారు వాయిస్తాడు, అతను దండం పెట్టేశాడు. "అక్కా, మామూలు గేరుబాక్సయితే కండ్లు మూసుకోని విప్పుత. ఇది నాతోటి కాదు. కిందికి దింపుమంటే దింపుత, మల్ల ఎక్కియ్యుమంటే ఎక్కిస్త. లోపట మాత్రం నేను చెయ్యి పెట్ట."

అదే వారం కంపెనీలో పిడుగులాంటి మాట చెప్పారు. మల్లాపూర్ ఫ్యాక్టరీ షెడ్డు మూసేసి పోచారం అవతల కొత్త షెడ్డుకు మారుతున్నారట, ఫిబ్రవరి నుంచి డ్యూటీ అక్కడే. అందరికీ కంపెనీ బస్సు. కొత్త షెడ్డు చూపించడానికి ఓ రోజు ఆ బస్సులోనే తీసుకుపోయారు. దాని మెట్టు ఎస్తేరు మోకాలి కంటే ఎత్తు. ఆమె కమ్మీ పట్టుకుని ఆలోచించేలోగానే లేతు సెక్షన్ కుర్రాళ్ళిద్దరు వెనక నుంచి చేతులు దూర్చి ఎత్తి లోపల పెట్టేశారు. "మేడం, మీరసలు బరువే లేరు" అన్నాడు అందులో ఒకడు, సంతోషంగా. రోజూ ముక్క తెచ్చి ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు! ఆ రోజు ఎస్తేరు అన్నం డబ్బా తెరవలేదు.

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా హాల్లో అటూ ఇటూ తిరిగింది. రవి కుమార్ వంటింట్లో చాయ్ మరిగిస్తున్నాడు.

"మాస్టరూ, ఆ గేరుబాక్సు నేనే విప్పుత."

మొగుణ్ణి ఆమె అట్లాగే పిలుస్తుంది. ఆయన గరిట తిప్పుతూ, "విప్పు. నీకు తోస్తలేదు కద" అన్నాడు.

"తోచక కాదు! ఆ బస్సుల నన్ను రోజు మూటెత్తినట్టు ఎత్తుతరు. ఎత్తినోని ముక్కను నేనెట్ల రిజెక్టు కొట్టాలె? నేను పోను. అంత దూరం ఆటోకు పెడితె జీతమంత దానికే పోతది. కారన్న నడవాలె, కొలువన్న ఇడిసిపెట్టాలె."

రవి కుమార్ చాయ్ వడపోసి ఇచ్చాడు. కొలువు మానేస్తే ఈ మనిషి ఇంట్లో ఏమైపోతుందో ఆయనకు తెలుసు.

జీవన్, అతని షెడ్డు మనుషులు ఇంటి ఆవరణలోకి లాగించిన కారు నుంచి గేరుబాక్సును కిందికి దింపి, పాత టైరు మీద పెట్టి హాల్లోకి నెట్టుకొచ్చారు. కింద పరచడానికి ఎస్తేరు పోయిన ఏటి సువార్త సభల ఫ్లెక్సీ బయటికి తీసింది. వాళ్ళతోనే ఉండే దానమ్మ లబోదిబోమంది. "పాస్టరుగారి ఫోటో మీద గ్రీజు కారుస్తవానే?" ఎస్తేరు ఫ్లెక్సీని బోర్లా తిప్పి పరిచింది. పాస్టరుగారు నేలను చూస్తూ పడుకున్నారు, దానమ్మ కొంత శాంతించింది.

చప్పుడు విని పై అంతస్తు నుంచి ఇంటి ఓనరు త్రిమూర్తులు పరుగున దిగాడు. అమలాపురం వైపు మనిషి, రిటైరైన గుమాస్తా.

"ఏవమ్మా ఎస్తేరూ, ఏంటా చప్పుడు? సిలిండరేమో అనుకుని గుండె ఆగినంత పనైంది!"

"గేరుబాక్సు అంకుల్."

"గేరుబాక్సా? హాల్లోనా? నేను ఇల్లు కాపురానికి ఇచ్చానా, కార్ఖానాకి ఇచ్చానా తల్లీ?"

"ఒక్క చుక్క మీ గచ్చు మీద పడితే నేనే కడుగుత అంకుల్, మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

ఆయన గొణుక్కుంటూ పైకి పోయాడు. మర్నాడు కుర్చీ తెచ్చుకుని గుమ్మంలో వేసుకుని కూర్చున్నాడు, గచ్చు కాపలాకట! ఆ మర్నాడు కాఫీ గ్లాసుతో సహా వచ్చాడు. జన్మలో స్కూటరు ప్లగ్గు కూడా తుడిచి ఎరగని మనిషి, "ఆ స్క్రూ ఎడమవైపు తిప్పాలనుకుంటానమ్మా" అని సలహాలు మొదలుపెట్టాడు.

ఎస్తేరు నేల మీద కూర్చుంది. చెప్పొద్దూ, నేల మీద కూర్చుంటే ఆమెను మించిన మనిషి లేదు. కాలితో పేచీ లేదు, చేతులు రెండూ ఇనుపకడ్డీలు. ఫోనులో ఎవడో రష్యావాడు ఇదే బాక్సును విప్పే వీడియో పెట్టుకుంది. వాడి భాష ఒక్క ముక్క తెలియదు, వాడి చేతులు తెలుస్తాయి. ఒక్కో బోల్టు విప్పడం, ఫోటో తీయడం, ఫ్లెక్సీ మీద వరసలో పెట్టడం. లోపల డ్రమ్ముల్లాంటివి ఉన్నాయి, వాటిలో పలచటి ప్లేట్లు గాజుల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. బండిని ముందుకు లాగే ప్లేట్లు ఒక డ్రమ్ములో, వెనక్కి లాగేవి ఇంకో డ్రమ్ములో. తీసి చూస్తే రెంటిలోనూ సగం మాడి మసయ్యాయి. వేలితో రుద్దితే పొట్టు రాలింది.

"ఇగో మాస్టరూ, దొరికింది దొంగ!" అని కేక పెట్టింది. ఆ పూట ఆమె మొహం చూసి తీరాలి.

తర్వాత మొదలైంది అసలు నరకం. కొత్త ప్లేట్లు, రబ్బరు రింగులు ఢిల్లీ నుంచి రావాలి. విప్పేటప్పుడు చేతులకు పని ఉండేది, ఇప్పుడేముంది? పార్శిల్ ఎక్కడి దాకా వచ్చిందో ఫోనులో చూడటం, మళ్ళీ చూడటం. నాగపూర్ దాటలేదు. డ్యూటీకి ఆటోలో పోయి వస్తూ దారి పొడుగునా చూసింది. దాటలేదు. అన్నం కలుపుకుంటూ చూసింది, వేలికున్న పప్పు ఫోనుకు అంటింది. హాల్లోకి పోయి, వరసలో ఉన్న ముక్కలను పాత చీర ముక్కతో తుడవబోయిన తల్లి మీద విరుచుకుపడింది. "బట్టతోటి తుడవద్దన్న కద! పోగు ఇరుక్కుంటే లోపట నూనె దారిల ఉన్న గుండు కదలదు!"

"నేను దుమ్ము పడ్డదని..."

"పడనియ్! నువ్వు ముట్టకు. ఏది ముట్టకు. అసలు ఈ దిక్కు రాకు."

దానమ్మ చీర ముక్క మడిచి చంకలో పెట్టుకుని వంటింట్లోకి పోయింది. గిన్నెలు కడిగినవే మళ్ళీ కడిగింది. ఆమెకూ చేతులు ఊరకుండవు. ఆ గుణం ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు ఎస్తేరుకు?

నెలాఖరు దగ్గర పడ్డాక పార్శిల్ వచ్చింది. కొత్త ప్లేట్లను బిగించే ముందు గేరు నూనెలో బాగా నానబెట్టాలి, అవి నూనె పీల్చుకోవాలి. ఎస్తేరు వంటింట్లో నుంచి రెండు బేసిన్లు తెచ్చింది. ఒకదానిలో ముందు గేర్ల ప్లేట్లు, రెండోదానిలో రివర్సు ప్లేట్లు వేసి ఎర్రటి నూనె పోసింది. మర్నాడు ఆదివారం జీవన్ వస్తాడు. అతనికి షెడ్డు సెలవు ఆ ఒక్కరోజే, ఎస్తేరుకు సోమవారం నుంచి పోచారం డ్యూటీ. ఈ శనివారం సాయంత్రానికి బాక్సు బిగించి తయారుగా ఉండాలి. పాత షెడ్డులో ఆఖరి రోజు కదా అని పూటకు పోయొచ్చింది.

వచ్చేసరికి గుమ్మంలో బోలెడు చెప్పులు వదిలిన గుర్తులు, హాల్లో కొబ్బరినూనె వాసన.

ఆ వారం ఇంటి ప్రార్థన వాళ్ళింట్లోనే. చర్చి ఆడవాళ్ళు వచ్చి, ఫ్లెక్సీ చుట్టూ చాప వేసుకుని, పాటలు పాడి, ప్రార్థన చేసి వెళ్ళారు. ఆ సంగతి ఎస్తేరుకు గుర్తే లేదు. వంగి చూసింది. రివర్సు ప్లేట్లున్న బేసిన్‌లో ఎర్రటి నూనె మీద తెల్లటి తునకలు తేలుతున్నాయి. చలికి గడ్డకట్టిన కొబ్బరినూనె.

"అమ్మా!"

దానమ్మ నవ్వుతూనే వచ్చింది. చేతిలో ఖాళీ సీసా. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరుగారు చేతులుంచి ప్రార్థించి ఇచ్చే నూనె అది. జ్వరమొస్తే నుదుటికి, పరీక్షలప్పుడు హాల్ టికెట్టుకు, కొత్త బండికి హ్యాండిలుకు రాస్తారు. ఎస్తేరు కాలికి దానమ్మ రాసినన్ని సీసాలు ఆ చర్చిలో ఇంకెవరూ రాసి ఉండరు.

"నువ్వు నూనెల నానబెట్టాలె అన్నవ్ కద బిడ్డా. అందరం కలిసి ప్రార్థన చేసినం. ఎండల పెట్టి కరగబెట్టి పోసిన. ఆ పెద్ద బేసిన్‌ల సుత పోద్దును, సీసా అయిపోయింది."

ఎస్తేరు నోటికి వచ్చిన మాట, రాకపోయినా బాగుండేది.

"ఎవరడిగిన్రు నిన్ను? ఈ ప్లేట్లు మల్ల ఏడికెళ్ళి తేవాలె నేను? రేపు జీవన్ వస్తడు! పుట్టిన్నాటి సంది రాసినవ్ కద ఈ నూనె నా కాలికి, ఏమైంది? లేసిందా కాలు? చెప్పు! లేసిందా?"

గుమ్మంలో త్రిమూర్తులు కాఫీ గ్లాసు పట్టుకుని కుర్చీలో బిగుసుకుపోయాడు. మెల్లగా లేచి, కుర్చీ అక్కడే వదిలేసి పైకి వెళ్ళిపోయాడు.

దానమ్మ సీసా మూత పెట్టింది. పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.

"లెవ్వలే" అంది. "లెవ్వదని నాకు తెల్వదా? నువ్వు బడికి పోకముందే తెల్సు. రాయకుంటే నా చేతులకు తోచదు బిడ్డా. నీకు నొస్తుంటె నేను చేతులు కట్టుకోని ఎట్ల కూసోవాలె?"

ఎస్తేరుకు కోపం ఇంకా దిగలేదు. రివర్సు ప్లేట్లను ఒక్కొక్కటే తీసి పెట్రోలులో కడిగింది. గట్టిగా రుద్దింది, మళ్ళీ కడిగింది. కొబ్బరి వాసన పోయింది, లేదా పెట్రోలు కంపులో ఆమెకు తెలియలేదు. మళ్ళీ కొత్త నూనెలో నానబెట్టాలి. నానబెట్టింది, కానీ ఎంతసేపని? చుట్టూ తిరిగింది, కూర్చుంది, లేచింది. బయట చీకటి పడుతోంది. కోపంగా ఉన్నప్పుడు ఏది చేసినా పాడవుతుందని ఫ్యాక్టరీలో కుర్రాళ్ళకు తనే చెబుతుంది. చెప్పడానికేం! పూర్తిగా నానకుండానే ప్లేట్లను పైకి తీసి డ్రమ్ములో పేర్చేసింది. రవి కుమార్ టార్చి పట్టుకుని, "జర ఆగరాదు" అన్నాడు ఒకసారి. ఆమె చూసిన చూపుకు రెండోసారి అనలేదు.

ఆదివారం. మొదటి ఆదివారం కాబట్టి చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల ఆరాధన, దానమ్మ తెల్లచీర కట్టుకుని అల్లుడితో వెళ్ళింది. కూతురు రాలేదు. తల్లి పిలవలేదు. రాత్రి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

జీవన్ ఆ ఒక్క ఆదివారం గిటారు ఇంకొకరికి అప్పగించి వచ్చి, కారు కిందికి దూరి బాక్సు ఎక్కించాడు. ముందు చక్రాలు గాలిలో ఉండగానే స్టార్టు చేయించాడు. ముందుకు వేస్తే చక్రాలు ముందుకు, వెనక్కి వేస్తే వెనక్కి తిరిగాయి. అతను కారు కింద నుంచే ఈల వేశాడు. "అక్కా, మా షెడ్డుల సీటు ఖాళీ ఉంది, వస్తవా?" కారు జాకీ దిగింది. గేటు వైపు ముఖం పెట్టే ఉంది. గేరు ముందుకు వేసింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత కారు, పాత అలవాటు గుర్తొచ్చినట్టు, మెత్తగా కదిలింది.

సరిగ్గా అప్పుడే దానమ్మ, అల్లుడి కంటే ముందే, చర్చి నుంచి వచ్చి గేటు తీస్తోంది. కదులుతున్న కారును చూసింది. పక్క తలుపు తీసి, బైబిలు ఒళ్ళో పెట్టుకుని ఎక్కి కూర్చుంది. ఎస్తేరు దిగమనకుండా పోనిచ్చింది.

ఎక్కడికని అడిగితే ఆమె చెప్పలేకపోయేది. చక్రాలు తిరుగుతున్నాయి, అది చాలు. చిలకనగర్ మీదుగా ఉప్పల్ వచ్చింది. రింగు దగ్గర తను ఆగిపోయిన చోటును దాటింది, కసిగా హారన్ కొట్టింది. వరంగల్ రోడ్డులో సగం కట్టిన ఫ్లైఓవరు పిల్లర్ల పక్కన గుంటలు, దుమ్ము, డైవర్షన్లు, అన్నీ దాటింది. ఒకటో గేరు, రెండు, మూడు, ఎప్పుడు మారిందో తెలియకుండా మారుతోంది. పోచారం దాటేసింది. అప్పుడు తట్టింది, కొత్త షెడ్డు దాకా పోయి రేపు కారు ఎక్కడ పెట్టాలో చూసుకుంటే? ఎడమకు తిప్పింది.

షెడ్డుకు పోయేది ఇరుకు సందు. ఒక వైపు ప్రహరీ, ఇంకో వైపు లోతైన కాలువ, చివర్లో గేటు. ఆదివారం కదా, తాళం. ఎస్తేరు గేటుకు మూతి ఆనించినంత దగ్గరగా పోయి ఆగింది. లోపలికి చూసింది, తలుపు దగ్గరే నీడలో చోటుంది. బాగుంది. తృప్తిగా గేరు వెనక్కి వేసింది.

ఇంజను అరిచింది. బండి కదల్లేదు.

మళ్ళీ వేసింది. ఇంకా గట్టిగా తొక్కింది. అదే అరుపు, ఉప్పల్ రింగు దగ్గర విన్న అరుపు. చక్రాలు గాలిలో ఉన్నప్పుడు తిరిగిన రివర్సు, నేల మీద బరువు పడగానే జారిపోతోంది. మళ్ళీ తుక్కు. మళ్ళీ బస్సు. మళ్ళీ చంకల కింద చేతులు.

"ఏమైంది?" అంది దానమ్మ. రాత్రి తర్వాత అదే మొదటి మాట.

"వెనుకకు పోతలేదు."

దానమ్మ గేటు వైపు చూసింది. "నా నూనెనే?"

అవునంటే అయిపోయేది. నిన్నటి కోపానికి న్యాయం జరిగేది. ఎస్తేరు నాలుక దాకా వచ్చింది కూడా. కానీ తను కొలిచే మనిషి. తెలియనిదాన్ని తెలుసని ఏ ట్రేలో వేస్తుంది?

"ఏమో. నేను సుత నాననియ్యకుండ బిగిచ్చిన. పంతానికి."

దానమ్మ బైబిలు సీటు మీద పెట్టి తలుపు తీసింది.

"ఏడికి?"

"నూకుత."

"నీకేమన్న పిచ్చా? ఈ వయసుల? కూసో, ఎవరన్న వస్తరు."

"ఎవరన్న వచ్చేదాంక నువ్వు ఊకుంటవా? నేను ఊకుంటనా?" అంటూ దిగి, కారు ముందుకు వచ్చి, గేటుకూ బానెట్‌కూ మధ్య ఇరుక్కుని, రెండు చేతులూ బానెట్ మీద ఆనించింది. ఎస్తేరు గేరు న్యూట్రల్‌లో పెట్టింది. చేసేదేముంది!

ముందు అద్దంలోంచి తల్లి మొహం ఎదురుగా కనబడింది.

ఇన్నేళ్ళలో తనను ఎత్తుతున్నవాళ్ళ మొహం ఎస్తేరు ఒక్కసారీ చూడలేదు. అందరూ వెనక నుంచే వచ్చారు. మెడకు వాళ్ళ ఊపిరి తగిలేది, అంతే. ఆ వెనక జాలి మొహమే ఉంటుందని ఆమె తనంతట తనే ఖాయం చేసుకుంది. ఇప్పుడు చూస్తే జాలీ లేదు గీలీ లేదు. ముసల్ది పళ్ళు బిగించి, కళ్ళు ఉరిమి, తల్లిగారింట్లో మొండికేసిన ఎడ్లతో పోట్లాడినట్టు కారుతో పోట్లాడుతోంది. తెల్లచీర మీద బానెట్ దుమ్మంతా అంటింది. కారు కదలడం లేదు.

ఎస్తేరు అద్దం దించింది. "అమ్మా, ఇంకా గట్టిగ నూకు!"

"నూకుతనే ఉన్న! బిరేకు తీసినవా నువ్వు?"

ఎస్తేరు చూసుకుంది. తల్లి దిగేటప్పుడు తను వేసిన హ్యాండ్ బ్రేకు వేసినట్టే ఉంది. ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు. బ్రేకు దించింది. కారు ఒక్క ఊపున వెనక్కి జారింది, దానమ్మ బానెట్ మీద బోర్లా పడబోయి నిలదొక్కుకుని, "ఓసి నీ!" అని తిట్టి, మళ్ళీ నెట్టింది. అద్దానికి అటూ ఇటూ ఇద్దరూ నవ్వుతూనే, ఒకరినొకరు చూసుకుంటూనే సందు మొదట్లో రోడ్డు మీదికి వచ్చారు.

లోపల నుంచి వాచ్‌మన్ తాళం తీసుకుని పరిగెత్తుకొచ్చేసరికి పని అయిపోయింది. "అయ్యో, పెద్దమ్మతోటి నూకిస్తున్నరేంది మేడం, నన్ను పిలిస్తె కాదా?" అన్నాడు.

ఎస్తేరు నోరు తెరిచింది. ఆమె అడగబోయేది ఎవరినీ ఎప్పుడూ అడిగి ఎరగని మాట.

"రేపు డ్యూటీ నీదేనా అన్నా?"

"నాదే మేడం."

"ఇది ముందుకే పోతది, వెనుకకు పోదు. మల్ల విప్పి సరిచేసేదాంక రోజు నువ్వు జర నూకాలె. ముందర నిలబడి."

"ఓ, గంతేనా? నూకుత తియ్యుండ్రి" అన్నాడతను, తాళంచెవి జేబులో వేసుకుంటూ.

అంతే. ఇంత తేలికా! ఎస్తేరుకు ఒళ్ళు మండింది, ఇన్నేళ్ళూ నోరు తెరిచి ఇట్లా అడగని తన మీదనే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్క సీట్లోకి ఎక్కిన తల్లి రొప్పుతూ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఇంక పోనియ్యవే, ఎంతసేపు నిలబెడ్తవ్?" అంది. ఎస్తేరు కళ్ళు తుడుచుకోకుండానే గేరు ముందుకు వేసింది.